గట్టు దిగమంటున్న పులి

నెలనాళ్ళ క్రిందట నందికొట్కూరు బస్టాండు ఎదుటి గోడమీద ఒక పెద్ద కాగితం కనబడినది. కోటు తొడిగిన యువకుడొకడు కొండకొన నుండి గాలిలోకి దూకుతున్న బొమ్మ. దానిక్రింద ఎర్రని అక్షరాలతో "మీ కంఫర్ట్ జోన్ నుండి బయటకు రండి! జీవితాన్ని జయించండి!" అని వ్రాసి ఉన్నది. ప్రవేశం ఉచితం. కాగితం మూలన గళ్ళగళ్ళ చదరమొకటి. దానికి ఫోను చూపిస్తే పేరు నమోదవుతుందట. ప్రక్కన నిలబడిన కుర్రవాడు చూపించినాడు. పేరుతోపాటు ప్రశ్నలు మొదలైనాయి. వయస్సెంత, నెలకు రాబడి ఎంత, అప్పు ఉన్నదా, ఇల్లు సొంతమా, రాత్రి నిద్ర పట్టనివ్వని దిగులేమిటి, అయిదేండ్లలో ఏ కారు కొనదలచినావు, నీ మాట వినే బంధుమిత్రులు ఎందరు... "ఇవన్నీ ఎందుకు నాయనా వాళ్ళకు?" అంటే, "మన మైండ్‌సెట్ ఏందో తెలుసుకునేదానికంట సార్" అన్నాడు.

వాడు బస్సెక్కి పోయినాడు. నేను మాత్రం ఆ గోడ దగ్గరనే చాలాసేపు ఉండిపోయినాను. ఆ ప్రశ్నలు నేను ఇదివరకే ఒకచోట చదివి ఉన్నాను. ఆ సంగతి చెప్పడానికే ఇది వ్రాస్తున్నాను.

తెలుగు పండితుడికి జగడం ఎప్పుడూ మాట దగ్గరే మొదలవుతుంది, మన్నించాలి. ఈ 'కంఫర్ట్ జోన్'ను కొందరు 'సౌకర్య వలయం' అంటున్నారు, మరికొందరు 'సుఖవలయం' అంటున్నారు. అనువాదం బాగానే ఉన్నది. ఆ వలయం మా సీమలో ఎక్కడున్నదో మాత్రం చూపించవలసిందిగా ప్రార్థన. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు వైపు పల్లెలలో పంట ఎండిన ఏడు ఇంటికి తాళం వేసి, ముసలివారిని అరుగుమీద వదలి, బడికి పోయే బిడ్డలను సైతం వెంటబెట్టుకొని గుంటూరు సీమకు మిరపకాయ కోతకు పోతారు. 'సుగ్గికి పోవడం' అంటారు దానిని. 1981లో శ్రీశైలం జలాశయం కోసం సుమారు వంద ఊళ్ళను ఖాళీ చేయించినారు. మా నందికొట్కూరు ప్రాంతంలోని ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. ఇప్పటికీ ఎండాకాలం నీళ్ళు దిగినప్పుడు సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, మళ్ళీ వానలు పడితే మునుగుతుంది. ఆ గుడి చుట్టుప్రక్కల బ్రదికినవారికి వలయం దాటి రమ్మని ఎవరూ సభలు పెట్టి చెప్పలేదు. లారీలు పంపినారు, అంతే.

కనుక స్థలం విడిచి, అలవాటు విడిచి, తెలియని చోట కాలుపెట్టి బ్రదకడం ఈ నేలవారికి ఎవరో నేర్పవలసిన విద్య కాదు. మరి ఈ ఉద్బోధ ఎవరికోసం పుట్టినది? 1991లో జూడిత్ బార్డ్‌విక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటను పేరులోనే పెట్టి ఒక గ్రంథం వ్రాసినారు. అది బీదవాడి ఉన్నతికోసం వ్రాసినది కాదు. పెద్ద పెద్ద కంపెనీలలో ఉద్యోగం ఎటూ పోదన్న ధీమా సిబ్బందికి ఎక్కువైపోయిందనీ, ఆ ధీమాను వదిలించాలనీ యజమానులకు, నిర్వాహకులకు చెప్పిన పుస్తకమది. అనగా 'నీ సుఖవలయం' అన్నమాటకు మొదటి అర్థం 'నీ ఉద్యోగ భద్రత'. దీని వెనుక శాస్త్రమున్నదని చెప్పేవారు 1908 నాటి ప్రయోగమొకదానిని చూపుతారు. యెర్క్స్, డాడ్‌సన్ అనే ఇద్దరు చిట్టెలుకలను రెండు పెట్టెల ముందు నిలబెట్టి, తప్పు పెట్టెలోకి పోతే విద్యుత్తుతో చురక పెట్టినారు. పని కష్టమైనప్పుడు చురక మరీ చిన్నదైనా, మరీ పెద్దదైనా కాక మధ్యస్థంగా ఉంటే ఎలుక త్వరగా నేర్చిందట. ఎలుకకూ మనిషికీ నడుమ ఉన్న దూరాన్ని అలా ఉంచండి. ఆ పెట్టెలోకి అది తనంతట తానుగా నడచి రాలేదు కదా!

ఇక పులి కథ. హితోపదేశంలోనిదే. తెలుగు వాచకం చదివిన ప్రతివాడికీ తెలిసినదే. ముసలిపులి చెరువుగట్టున కూర్చొని, చేతిలో బంగారు కంకణం పట్టుకొని, దారినపోయే బాటసారిని పిలుస్తుంది. బాటసారికి ఆశ పుట్టింది, భయమూ పుట్టింది. పులి వాడి రెండింటినీ చదివింది. ఆశకు కంకణం చూపించింది, భయానికి ధర్మపన్నాలు చెప్పింది. చివరకు "స్నానం చేసి వచ్చి పుచ్చుకో" అన్నది. వాడు గట్టు దిగినాడు, బురదలో దిగబడినాడు. ఈ కథను ముప్పై ఏండ్లకు పైగా పాఠం చెప్పినాను. దురాశ కూడదని నీతి చెప్పించి, పిల్లలచేత వ్రాయించి, మార్కులు వేసినాను. ఇప్పుడు చూస్తే పాఠం సగమే చెప్పినట్లున్నది. ఆ కథలో పులికి ఆయుధం కంకణం ఒక్కటే కాదు. ఎదుటివాడికి ఏమి తక్కువైనదో, దేనికి జంకుతాడో ముందుగా కనిపెట్టడం కూడా ఆయుధమే. గట్టు దిగడం ధైర్యమని నమ్మించడం ఆ తరువాతి పని.

2019లో నా పూర్వ విద్యార్థి ఒకడు ఇంటికి వచ్చినాడు. ఊరిలో సెల్‌ఫోన్లు బాగుచేసే చిన్న అంగడి ఉన్నది వాడికి. పేరు చెప్పను. "సార్, కర్నూల్లో మీటింగుంది, మీరొస్తే చాలు, మీరేమీ కొనొద్దు" అన్నాడు. మనం దిద్దించిన పిల్లవాడు కదా, వెళ్ళినాను. ఫంక్షన్ హాలు, పెద్ద తెర, చెవులు చిల్లులు పడే పాటలు. గొలుసుకట్టు వ్యాపారం. సంస్థ పేరు ఇక్కడ అనవసరం. వేదికపై ఒక ఉపన్యాసకుడు అటూ ఇటూ నడుస్తూ అడిగినాడు: "మీ బామ్మర్దిని అడగడానికి మీకు నోరు రావడం లేదా? మీ మేనత్త ఏమనుకుంటుందో అని ఆగిపోతున్నారా? అదే మీ కంఫర్ట్ జోన్! దాన్ని పగలగొట్టండి!" హాలంతా చప్పట్లు. నా శిష్యుడూ లేచి నిలబడి చప్పట్లు కొట్టినాడు. బయటకు వచ్చేటప్పుడు పన్నెండు వేలకు పొడి డబ్బాలు, సబ్బులు నేనూ కొన్నాను. కాదనలేకపోయినాను. ఆ డబ్బాలు మా అటకమీద ఇంకా ఉన్నాయి. మా ఇంటావిడ పండుగ దుమ్ము దులిపినప్పుడల్లా వాటిని దించి, తుడిచి, ఏమీ అనకుండా మళ్ళీ పైన పెడుతుంది. ఏమన్నా అంటే బాగుండును.

ఆ సంస్థ 2020లో కరోనా రోజులలో మూతపడింది. వాడి 'పైవాళ్ళ' ఫోన్లు మూగబోయినాయి. వాడు భార్య గాజులు కుదువబెట్టి సరుకు తెచ్చి ఉన్నాడు. వాడి క్రింద చేరినవారు పదకొండు మంది. అందులో కొందరు "సారు కూడా వచ్చినాడంట" అని చేరినవారు.

తరువాత ఒకనాడు వాడు ఒక నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టినాడు. చేరినవారంతా మొదటి వారంలో వంద పేర్లు వ్రాయాలట. ఊరికే పేర్లు కావు. స్కేలుతో గీతలు గీసి నాలుగు గళ్ళు: పేరు, వరుస, అవసరం, బలహీనత. చిన్నమ్మ కొడుకు – ఆటో అప్పు – తొందరపాటు. బామ్మర్ది – కూతురి పెండ్లి – నలుగురిలో చిన్నతనమంటే భయం. మేస్త్రీ చిన్నాయన – కొడుకు తాగుబోతు – ఎవరైనా గౌరవంగా మాట్లాడితే చాలు. మొదటి పుటలోనే నా పేరున్నది. సారు – పింఛను వస్తుంది – కాదనలేడు. ఒత్తులు, దీర్ఘాలు ఎక్కడా తప్పలేదు. ఆ చేతివ్రాత నేను దిద్దించినదే.

అప్పుడు నాకు అర్థమైనది ఇది. మన భాషలో 'మొహమాటం' అన్న మాట ఉన్నది. నిఘంటువులలో 'మొగమోటము' అని కూడా కనిపిస్తుంది. మొగము అందులోనే ఉన్నది. ఎదుటివాడి మొగము చూచి నోరు వెనుకకు తీయడం. దీనిని మన వ్యక్తిత్వవికాస గురువులు ఒక రోగంగా చూస్తున్నారు. నిజమే, దానితో నష్టమున్నది. నా పన్నెండు వేలే సాక్షి. కానీ ఆ హాలులో జరిగినదేమిటో చూడండి. అమ్మేవాడు మొహమాటాన్ని విడిచిపెట్టాలి, కొనేవాడు మాత్రం విడిచిపెట్టరాదు. ఇద్దరూ విడిచిపెడితే ఆ సాయంత్రం ఒక్క డబ్బా కూడా చెల్లదు. "వద్దురా అబ్బీ, నాకక్కరలేదు" అని నేననేవాడిని. వేదికపై పగలగొట్టమన్నదీ, నోటుబుక్కులో నాలుగవ గడిలో భద్రపరచుకొమ్మన్నదీ ఒకే వస్తువు. ఆ బుక్కులో వంద పేర్లకు గాను సగానికి పైగా బలహీనతలు ఏవంటే జాలి, మర్యాద, మాట పట్టింపు, బంధుప్రీతి. మడికి గెనుము ఎలాగో మనుషుల నడుమ ఇవి అలాంటివి. నీళ్ళు నిలిచేది వాటివలన. గెనుము ఎక్కడ పలుచగా ఉన్నదో వెదకేవాడు రైతు కాడు.

ఈ నాలుగు గళ్ళ పుస్తకం మా శిష్యుడు కనిపెట్టినది కాదు, ఆ ఉపన్యాసకుడిదీ కాదు. దీనికి పెద్ద వంశమే ఉన్నది. 1978లో అమెరికాలో ఎస్.ఆర్.ఐ. అనే పరిశోధన సంస్థలో ఆర్నాల్డ్ మిచెల్ అనే ఆయన 'వాల్స్' పేరుతో ఒక పద్ధతి తెచ్చినాడు. విలువలనుబట్టి, జీవన సరళినిబట్టి అమెరికా జనాన్ని తొమ్మిది తరగతులుగా విభజించినాడు. ఎలాగో బ్రదుకు ఈడ్చేవారు, గుంపులో ఇమిడి ఉండేవారు, పైవారిని అనుకరించేవారు, సాధించినవారు, అనుభవాలకై వెంపరలాడేవారు, ఇలా. ఏ తరగతివాడికి ఏ సరుకు ఏ మాటతో చూపించాలో వర్తకులకు దానివలన తెలుస్తుంది. కొత్త అనుభవాలు కోరేవాడికి, వలయం దాటాలనుకొనేవాడికి కూడా ఆ పట్టికలో ఒక గడి సిద్ధంగా ఉన్నది. తప్పించుకొని పారిపోతున్నాననుకొనేవాడు నేరుగా ఆ గడిలోకే వచ్చి నిలుస్తాడు. వాడికి కొండమీది నుండి దూకే బొమ్మ చూపిస్తారు.

ఫోన్లు వచ్చిన పిమ్మట నోటుబుక్కు అవసరం కూడా పోయినది. 2013లో కోసిన్‌స్కీ మొదలైన పరిశోధకులు 58 వేలకు పైగా వాలంటీర్ల ఫేస్‌బుక్ 'లైకు'లను పరిశీలించి, వాటినిబట్టే మనిషి స్వభావాన్ని అంచనా వేయవచ్చునని చూపినారు. 2017లో మరొక పరిశోధన వెలువడినది, దాదాపు 35 లక్షల మందికి చేరిన ప్రకటనలమీద. ఒకటే సౌందర్యసామగ్రి. నలుగురిలో కలివిడిగా తిరిగేవారికి ఒక రకం ప్రకటన, తమలో తాము ఉండేవారికి మరొక రకం. స్వభావానికి సరిపోయిన ప్రకటన చూచినవారు, సరిపోనిది చూచినవారికంటె 50 శాతం దాకా ఎక్కువ కొన్నారు. గమనించండి, ఆ ప్రకటనలు ఎవరినీ వలయం దాటించలేదు. ఒదిగి ఉండేవాడిని ఒదిగి ఉన్నచోటనే పట్టుకొని అమ్మినాయి. మన స్వభావం ఎంత కదలకుండా ఉంటే ఆ పట్టికకు అంత విలువ. రేపు మనం నిజంగా మారిపోతే ఆ పట్టిక చిత్తుకాగితమవుతుంది. అటువంటి పట్టిక చేత పట్టుకొన్నవాడు మనలను మారమని ప్రబోధించడం కంటె వింత ఏమున్నది!

వంద పేర్ల లెక్క కూడా యంత్రానికి ఎక్కినది. కేంబ్రిడ్జి అనలిటికా వ్యవహారం 2018లో బయటపడినప్పుడు ఫేస్‌బుక్ చెప్పిన అంకెలు కొందరికైనా గుర్తుండవచ్చు. మన దేశంలో స్వభావపరీక్ష పేరిట వచ్చిన ఆ యాప్‌ను తమ ఫోన్లలో పెట్టుకొన్నవారు 335 మంది. దానివలన సమాచారం చిక్కి ఉండవచ్చునన్నవారు 5,62,455 మంది. తక్కినవారందరూ ఆ 335 మందికి స్నేహితులు. మా శిష్యుడు ఒక్కడు, వాడి క్రింద వంద పేర్లు. కొలతలో తేడా, పద్ధతి అదే. బస్టాండు దగ్గర ఆ కుర్రవాడిని అడిగిన చివరి ప్రశ్న ఏమిటో మరొకసారి చదవండి.

చట్టం లేదా అంటే, ఉన్నది. మా కర్నూలుకు ఆ చరిత్రలో చోటు కూడా ఉన్నది. గొలుసుకట్టు పథకాలను నిషేధించే చట్టం 1978 నాటిది (ఆ 'వాల్స్' పట్టికా అదే ఏడు, యాదృచ్ఛికమే). ఆమ్వే సంస్థ పథకం ఆ చట్టం పరిధిలోకి వస్తుందని 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అభిప్రాయపడినది. 2014 మే నెలలో కర్నూలు పోలీసులే ఆ సంస్థ భారత ముఖ్య కార్యనిర్వహణాధికారి విలియం పింక్నీని గుర్గావ్‌లో అరెస్టు చేసి ఇక్కడికి తీసుకొనివచ్చినారు. ఆరోపణలను సంస్థ కాదన్నది. ఆయన బెయిలుపై విడుదలైనారు. 2022లో ఈడీ ఆ సంస్థ ఆస్తులను 757 కోట్లకు పైగా విలువైనవాటిని జప్తు చేసినది. 2021 డిసెంబరులో వచ్చిన కేంద్రప్రభుత్వ నిబంధనలు పిరమిడ్ పథకాలను నిషేధించినాయి, చేరినందుకు రుసుము వసూలు చేయరాదన్నాయి. ఇవన్నీ మంచివే. కానీ చట్టానికి కనబడేది డబ్బు చేతులు మారిన చోటు. నాలుగవ గడి దాని కంటికి కనబడదు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల నడవడిని వెంబడించి, గురిపెట్టి ప్రకటనలు చూపరాదన్నది. పెద్దవారి విషయంలో ముఖ్యంగా సమ్మతి మీద ఆధారపడినది. సమ్మతి అంటే ఏమిటి? బస్సు కదులుతుండగా ఆ కుర్రవాడు బొటనవ్రేలితో ఒత్తిన ఒక ఒత్తు. అదీ వాడి సమ్మతే, వాడి మేనమామది కాదు.

ఈ మాటలు మా మిత్రులతో అంటే లెక్కల మాస్టారొకరు నన్ను నిలదీసినారు. "నువ్వు మాత్రం పిల్లల స్వభావాలు కనిపెట్టలేదా? వీడికి బెదిరింపు పనిచేస్తుంది, వాడికి బుజ్జగింపు అని లెక్క పెట్టుకోలేదా? బడి వదిలి పై చదువుకు పొమ్మని ఎందరిని తోసినావు! అదీ వలయం దాటించడమే కదా?" అని. ఈ ప్రశ్నకు నేను వెంటనే బదులు చెప్పలేకపోయినాను. నిజమే, ప్రతి ఉపాధ్యాయుడి మనసులోనూ ఒక పట్టిక ఉంటుంది. ఆడపిల్లను ఊరు దాటి పంపడానికి వెనుకాడిన తండ్రులను నేనే ఇంటికి వెళ్ళి ఒప్పించినాను. ఏ తండ్రికి ఏ మాట చెప్పాలో ఆలోచించుకొనే వెళ్ళినాను. రెండు రోజులు తలపోసిన మీదట తోచినదేమంటే, నా పట్టిక తప్పయితే ఆ తండ్రి మరునాడు మా ఇంటి ముందుకు వచ్చి "అయివారూ, ఏం జేసినావిది?" అని అడగగలడు. అడిగినవారున్నారు. సమాధానం చెప్పుకొని, తల వంచుకొని నిలబడినాను. ఆ పిల్ల చదివి బాగుపడితే లాభం ఆ ఇంటిదే. బస్టాండు గోడమీది కాగితం వెనుక ఎవరున్నారో, ఎవరి ఇంటి ముందుకు వెళ్ళి అడగాలో నాకు చెప్పేవారెవరు? మా మిత్రుడు ఈ జవాబుతో తృప్తిపడలేదు. సగం ఒప్పుకొన్నారు. వారి సగం సందేహం నాలోనూ ఉన్నది, దాచను.

కొత్తచోటికి వెళ్ళవద్దని, సాహసం చేయవద్దని నేననడం లేదు. ఉప్పాడనో ఊటీయో చూడాలనిపిస్తే వెళ్ళండి, అరవై ఏండ్లకు కంప్యూటరు నేర్వండి, నేనూ నేర్చుకొన్నాను. నా కోపమంతా ఒక్కచోటనే ఉన్నది. మనిషికి ఉన్న సంకోచాన్ని ఆసాంతం లెక్క వ్రాసుకొని, ఆ లెక్కను అమ్ముకొంటూ, ఆ మనిషికే 'నీ సంకోచం నీకు శత్రువు' అని పాఠం చెప్పడం ఉన్నదే, దానిని ఏ అలంకారశాస్త్రంలో చేర్చాలో నాకు తెలియడం లేదు. ఆ పాఠం విన్న పిల్లవాడు మేస్త్రీ చిన్నాయనతో గౌరవంగా మాట్లాడినాడు. అయిదు వేలు తీసుకొన్నాడు. గౌరవంగా మాట్లాడితే చాలునని వ్రాసుకొని మరీ మాట్లాడినాడు. తరువాత ఆ చిన్నాయన వీధిలో ఎదురైనా ఎవరితోనూ రెండుమాటలు మించి మాట్లాడడం మానేసినాడని విన్నాను. అయిదు వేలు ఎప్పుడైనా తిరిగి ఇవ్వవచ్చు.

నోటుబుక్కు నా ముందు పెట్టిన రోజున వాడు అడిగినాడు, "దీన్ని కాల్చేయమంటారా సార్?" అని. వద్దన్నాను. చేరినవారు పదకొండు మంది కదా, ఒక్కొక్కరి ఇంటికీ ఆ పుస్తకం తీసుకొనిపోయి, వారి పేరున్న వరుస వారికే చూపించి, చదివి వినిపించి రమ్మన్నాను. డబ్బు సంగతి తరువాత. వాడి ముఖం నల్లబడినది. చాలాకాలం పోలేదు. చివరకు పోవడం మొదలుపెట్టినాడు. ఒక ఇంట తలుపు తీయలేదు. ఒక ఇంట తిట్టి, కాఫీ ఇచ్చినారట. ఇప్పటికి ఏడిళ్ళు అయినాయి. మేస్త్రీ చిన్నాయన ఇల్లు ఇంకా కాలేదు. దానికి మాత్రం నన్నూ రమ్మంటున్నాడు, "మీరొస్తే చాలు సార్" అని. వచ్చే ఆదివారం వెళ్తున్నాము.